అయినోళ్ళ ఫైవ్ స్టార్లు

"నువ్వు చేసే పని ఏంది పాపా?" అని ఎవరన్నా అడిగితే ఇప్పటికీ నాకు చిర్రెత్తుతుంది. అడిగేవాళ్ళ తప్పేం లేదు, చెప్పలేకపోవడం నా ఖర్మ. మార్కాపురం బస్టాండుకు కాస్త అవతల, మందుల దుకాణం పైన ఒక గది అద్దెకు తీసుకుని, ఒక కంప్యూటరూ ఒక ఫ్యానూ పెట్టుకుని కూచుంటా. ఎవరైనా ఫోన్లో "షామియానా" అనో, "పంటి డాక్టరు" అనో, "పలకరాయి" అనో వెతికితే, నా దగ్గరికొచ్చినోళ్ళ దుకాణం ముందు కనపడేట్టు చేయాల. దీన్ని ఎస్ఈఓ అంటారు. ఇంత వివరంగా చెప్పినాక మా మేనత్త "అయితే ఫోన్ల రిపేరా" అన్నది. కాదని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, ఇప్పుడు "అవునత్తా, అదే" అంటా ఉన్నా.

పోనీ పని అన్నా ఒక తీరుగా ఉంటుందా? ఉండదు. నేను ఇందులోకి వచ్చిన కొత్తలో ఒకే పేజీలో "మార్కాపురం పలకరాయి, మంచి పలకరాయి, చౌక పలకరాయి" అని చదివేవాడికి రోత పుట్టేదాకా రాస్తే చాలు, పైకి వచ్చేది. కొందరు ఘనులు తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో రాసేవాళ్ళు. మనిషికి కనపడదు, మిషనుకు కనపడుతుంది. తర్వాత లింకుల కాలం వచ్చింది. నా సైటులో నీకు లింకిస్తా, నీ సైటులో నాకివ్వు. అచ్చం కుండమార్పిడి పెళ్ళిళ్ళే. గిద్దలూరులో ఒక ఫొటో స్టూడియోకూ, కంభంలో ఒక ఎరువుల దుకాణానికీ నేనే అట్ల సంబంధం కలిపినా. ఫొటోలకూ యూరియాకూ ఏం పొత్తో ఆ దేవుడికే తెలియాల. కొన్నాళ్ళకు వెతుకులాట నడిపే కంపెనీ వాళ్ళు అదీ కుదరదన్నారు. అట్ల చేసినోళ్ళందరినీ కిందికి తోసినారు. "మనుషులకు పనికొచ్చేది రాయండి, పని తెలిసినోళ్ళతో రాయించండి" అన్నారు.

సరే, రాద్దాం అనుకుని మా చిన్నాయన దగ్గర కూచున్నా. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ఊరి బయట ఆయనకు పలకరాయి షెడ్డు ఉంది. ఒకప్పుడు బడిపిల్లల పలకలు చేసినారు. పలకలు పోయినాక ఇళ్ళ గోడలకూ, అరుగులకూ అతికించే రాళ్ళు కోస్తా ఉన్నారు. మంచి పలకరాయిని ఎట్ల గుర్తుపట్టాల, సుత్తితో తడితే ఏ మోత రావాల, నీళ్ళు పోస్తే ఎంతసేపట్లో ఆరాల, అన్నీ ఆయన చెప్తా ఉంటే రాసుకుని ఒక పేజీ పెట్టినా. ఎంత బాగా ఆడిందో ఆ పేజీ! బెంగుళూరు నుంచీ హైదరాబాద్ నుంచీ ఇళ్ళు కట్టుకునేవాళ్ళు చదివి, కింద ఉన్న నంబరుకు ఫోన్ చేసేవాళ్ళు. చిన్నాయనకు బ్రోకర్ల పీడ వదిలింది.

ఆ ముచ్చట కూడా ఎన్నాళ్ళో లేదు. ఇప్పుడు ఎవరైనా "మంచి పలకరాయి ఎట్ల తెలుస్తుంది" అని అడిగితే, వెతుకులాట పేజీలో పైనే ఏఐ ఒక జవాబు వండి పెడతా ఉంది. ఆ జవాబు చదివి నా ఒళ్ళు మండిపోయింది. సుత్తి మోత మా చిన్నాయనది, నీళ్ళు ఆరే లెక్క మా చిన్నాయనది, మాటలు కూడా ఇంచుమించు నేను రాసినవే. చదివినోడికి అక్కడే కడుపు నిండిపోతుంది, ఇంక కిందికి దిగి మా పేజీ నొక్కే ఖర్మ వాడికేంది? పేజీ కనపడిన లెక్క అట్లనే ఉంది, నొక్కిన లెక్క మాత్రం కిందికి జారిపోయింది. ఇంట్లో చేసిన పప్పుచారు పక్కింటోళ్ళు తీసుకుపోయి వాళ్ళ విస్తట్లో వడ్డించుకున్నట్టుంది.

ఏం చేయాలో తెలుసుకుందామని వెతికితే ఇంకో తలనొప్పి. ఏడాదికొకసారి "ఎస్ఈఓ చచ్చిపోయింది" అని ఎవడో ఒకడు వీడియో పెడతాడు. చచ్చిపోయినదాని మీద వాడే మళ్ళీ కోర్సు అమ్ముతాడు. ఇప్పుడు పేర్లు కూడా మార్చినారు. ఏఈఓ అంట, జీఈఓ అంట. ఏఐ జవాబులో మన పేరు వచ్చేట్టు చేసే విద్యలంట. విప్పి చూస్తే లోపల పాత సరుకే: శుభ్రంగా రాయి, నిజం రాయి, నువ్వెవరో చెప్పు. ఇంగ్లీషు పాఠాలు చూద్దామంటే ఏ ఉదాహరణ తీసినా అమెరికాలో ప్లంబరే. ప్లంబరును పైకి ఎట్ల తేవాల, ప్లంబరు ఫొటోలు ఎట్ల పెట్టాల. మా కొనకనమిట్ల పక్క పల్లెలో గొర్రెలమ్మేవాడిని పైకి తెచ్చే విద్య ఎవరన్నా చెప్పినారా అంటే లేదు.

ఇంత తిరిగినాక నాకు పనికొచ్చినవి కొన్నే. వెతుకులాట నడిపే కంపెనీ వాళ్ళే రాసి పెట్టిన నియమాలు ఉంటాయి, ఉప్పూకారం లేని ఇంగ్లీషు, కానీ నిజం అక్కడే ఉంది. మన సైటు ఏ మాటకు కనపడిందో చూపించే లెక్కల పేజీ ఉచితంగా వాళ్ళే ఇస్తారు. దెబ్బ తిన్నోళ్ళు ప్రశ్నలు వేసుకునే సహాయ వేదిక ఉంది, ఓపికున్నోళ్ళు జీతం లేకుండా జవాబులు చెప్తారు. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉంది: ఫోన్ చేసినోడిని "ఏమని వెతికితే మేము దొరికినాం?" అని అడగడం. ఈ ఒక్క ప్రశ్న అడగమని చిన్నాయనకు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా. ఆయన అడిగేది వేరే. "మీదే ఊరు? ఎవరి తాలూకా మీరు?" బెంగుళూరులో అపార్ట్‌మెంట్ కొనుక్కున్న మనిషి తన తాతది ఏ ఊరో చెప్పేదాకా రాయి ధర చెప్పడు.

"అట్ల కాదు చిన్నాయనా, ఏమని వెతికినారో అడుగు."

"మనిషెవరో తెలియకుండా రాయెట్ల అమ్మేదే?"

గోడకు చెప్పుకున్నా ఒకటే, ఆయనకు చెప్పినా ఒకటే.

పేజీ మీద గిరాకీ పోయినాక ఆయనకు మిగిలింది ఒక్కటే దారి. మ్యాపులో ఆయన షెడ్డు పేరు, నంబరు, ఫొటోలు, కస్టమర్లు రివ్యూలు రాసే చోటు ఉంటాయి చూడండి, అది. దగ్గరలో రాయి కావాలని వెతికితే ఏఐ కూడా ఇంకా అక్కడికే పంపిస్తుంది. వచ్చే ఫోన్లన్నీ దాంట్లోంచే. అవి కూడా ఆగిపోతే షెడ్డుకు తాళమేసి, ఎవడో బ్రోకరు కింద మేస్త్రీగా పోవాల్సిందేనని చిన్నాయన రెండు మూడుసార్లు అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన నా మొహం చూసేవాడు కాదు. జీవితమంతా సొంత రాయి మీద సుత్తి పెట్టిన మనిషి.

రివ్యూల చోటు ఇంకా ఖాళీగానే ఉంది, అందుకే ఒకరోజు చెప్పినా, "చిన్నాయనా, నీ దగ్గర రాయి కొన్నోళ్ళతో మంచి రివ్యూలు రాయించు" అని. ఎంత స్పష్టంగా చెప్పినా! కొన్నోళ్ళతో అన్నా.

ఆ వారంలోనే చిన్నాయన మనవడికి పుట్టువెంట్రుకలు తీసినారు. ఫంక్షన్ హాలు, పొట్టేళ్ళ కూర, మైకు. అర్ధవీడు నుంచీ చంద్రశేఖరపురం నుంచీ గిద్దలూరు నుంచీ అయినోళ్ళంతా దిగినారు. మా నాయన మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో అందరికీ తెలిసిందే. పొలంలో బోరు తగాదా. తన బోరుకు దగ్గరలో ఇంకో బోరు వేయనని చిన్నాయన మాటిచ్చి, ఎండలు ముదిరిన ఏడు వేసినాడు. మా నాయన బోరు ఎండిపోయింది. "వాడు మాట తప్పినాడు" అని మా నాయన అన్న ఆ రోజు నుంచీ అన్నదమ్ములకు మాటల్లేవు. ఒకే పెళ్ళికి పోతే చెరొక పంక్తిలో కూచుని తింటారు. నేను ఇద్దరిళ్ళకూ తిరుగుతా ఉంటా. ఇద్దరూ ఒకరి సంగతి ఒకరు నన్నే అడుగుతారు, అదీ వేరే ఎవరి గురించో అడిగినట్టు.

భోజనాల మధ్యలో చిన్నాయన మైకు తీసుకున్నాడు. "అయినోళ్ళందరికీ ఒక మనవి. మా అన్న కూతురు ఫోన్లో మన షెడ్డు పెట్టింది. తలా ఐదు స్టార్లు కొట్టండి. కొట్టకుండా ఎవరూ తాంబూలం తీసుకోవద్దు." నేను సాంబారు గిన్నె దగ్గర నిలబడి ఉన్నా. పరిగెత్తి మైకు లాక్కుందామనుకునేలోపు హాలు నిండా ఫోన్లు పైకి లేచినాయి. తెలియనోళ్ళకు తెలిసినోళ్ళు చెప్తా ఉన్నారు. హాలు వాళ్ళ వైఫై పాస్‌వర్డు కూడా మైకులోనే చెప్పినారు. పెద్దత్త "మా తమ్ముడు బంగారం" అని రాయించింది. ఒక బావ "కూర చాలా బాగుంది" అని రాసినాడు. పలకరాయి షెడ్డుకు! పోయి ఆపమంటే అందరూ నన్నే కసిరినారు. "శుభమా అని నాలుగు మంచి మాటలు రాస్తా ఉంటే అడ్డమొస్తావేందే?"

సాయంత్రానికి ఇంకో రివ్యూ పడింది. దాని పక్కన, రాసినోడి ఫొటో ఉండాల్సిన చోట, మా గేదె బొమ్మ ఉంది. గేదె బొమ్మ పెట్టుకునేది మా నాయనొక్కడే. మా అమ్మ ఫంక్షన్ నుంచి వచ్చి సంగతి చెప్పిందంట. ఆయన పెరట్లోకి పోయి, ఫోనును నోటి దగ్గర పెట్టుకుని చెప్పినాడంట, అది రాసుకుందంట. "మా తమ్ముడు. రాయి మంచిది. పని తెలిసినోడు. మాట తప్పడు."

చిన్నాయన అది చదివి షెడ్డులో రాళ్ళ మీద కూలబడినాడు. నేను పోయేసరికి ఇంకా అట్లనే కూచుని ఉన్నాడు. "చూసినావా?" అన్నాడు. "చూసినా" అన్నా. "మాట తప్పడు అని రాసినాడు" అన్నాడు. ఆ ముక్క ఆరోజు ఎన్నిసార్లు అన్నాడో. నాకూ ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు ఒళ్ళుమంట కూడా వచ్చింది. ఒకే ఊళ్ళో, సైకిలు తొక్కితే చేరే దూరంలో ఉండి, ఈ మాట చెప్పడానికి అమెరికాలో ఉన్న కంప్యూటరు కావాల్సొచ్చిందా వీళ్ళకు?

వారం తిరగకుండా షెడ్డు మ్యాపులోంచి మాయమైపోయింది. కొత్తగా పుట్టిన రివ్యూలన్నీ ఒకే పూట, ఒకే చోట నుంచి, ఒకే వైఫై మీద పడితే దొంగ రివ్యూలనుకోక ఏమనుకుంటారు? ఆపేసినాం, అప్పీలు చేసుకోండి అని ఒక పొడి మెయిలు వచ్చింది. చిన్నాయన ఫోను మూగబోయింది. పొద్దున వచ్చి రాళ్ళు కోసే మిషను తుడుస్తాడు, కూచుంటాడు, ఫోను చూస్తాడు, మళ్ళీ తుడుస్తాడు.

"అయినోళ్ళు మంచి మాట చెప్తే అది దొంగతనమా? మరి పెళ్ళి సంబంధానికి పోతే అయినోళ్ళనేగా అడుగుతాం వాడెట్లాంటోడని!" అన్నాడు.

మా దగ్గర మనిషిని నమ్మేది వాడి వాళ్ళ మాట మీద. ఆ మ్యాపులో వాడి వాళ్ళ మాటే చెల్లదు.

కోర్సులమ్మేవాళ్ళు ఎవరూ పనికిరాలేదు. ఉప్పూకారం లేని ఆ నియమాలు మొత్తం చదివినా. సహాయ వేదికలో జరిగిందంతా, మైకుతో సహా, దాచకుండా రాసినా. ముక్కూమొహం తెలియని ఒకాయన ఓపిగ్గా జవాబిచ్చినాడు. రాయి కొననివాళ్ళు రాసినవన్నీ వాళ్ళతోనే తీసేయించండి, ఓనరుకు తీసే వీలు లేదు. కుటుంబం వాళ్ళవి అసలు ఉండకూడదు. తర్వాత షెడ్డు నిజంగా ఉన్నట్టు ఒక వీడియో తీయండి. రోడ్డు, పేరు బోర్డు, మిషను, పని చేసే మనిషి, అన్నీ కనపడాల. మధ్యలో ఆపకూడదు, కత్తిరించకూడదు. ఇదీ ఆయన చెప్పింది.

బోర్డు! చిన్నాయన షెడ్డుకు బోర్డే లేదు. "తెలిసినోళ్ళకు బోర్డెందుకు, తెలియనోళ్ళు ఎందుకొస్తారు?" అని ఇన్నేళ్ళూ పెట్టలేదు.

ఇంక అయినోళ్ళకు ఫోన్లు మొదలుపెట్టినా. అట్లాంటి పని పగవాడికి కూడా వద్దు. పెట్టిన చీర వెనక్కి తీసుకుపొమ్మన్నట్టు బాధపడినారు అందరూ. పెద్దత్త "నా మాట పనికిరాకుండా పోయిందా మీకు" అని ఫోను పెట్టేసింది, తర్వాత వాళ్ళ కోడలితో మాట్లాడి తీయించినా. కూర బావ "అయితే కూర బాగలేదంటావా?" అన్నాడు. కాళ్ళావేళ్ళా పడినా. ఇంకొకాయన తీసేయమంటే ఐదు స్టార్లను ఒక స్టారు చేసినాడు, అలిగి. ఆయన్ని మళ్ళీ బతిమాలి తీయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి గేదె బొమ్మ ఒక్కటి మిగిలింది.

"అదొక్కటి ఉండనీ" అన్నాడు చిన్నాయన.

"ఎట్ల ఉంటాది చిన్నాయనా? మొదటి మాటే మా తమ్ముడు అని ఉంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాల వాళ్ళకు?"

"షెడ్డు రాకపోతే రాకపోనీ. బ్రోకరు దగ్గరికి పోతా. అది తీయొద్దు."

"షెడ్డు పోతే ఆ రివ్యూ మాత్రం ఎక్కడుంటాది? దేనికి అతుక్కుని ఉంటాది?" అని అరిచినా. జీవితంలో ఆయన మీద అరవడం అదే మొదటిసారి. ఆయన తల అడ్డంగా ఊపి, గుడ్డ తీసుకుని మళ్ళీ మిషను తుడవడం మొదలుపెట్టినాడు.

ఇంటికి పోయి మా నాయన ముందు కూచున్నా. జరిగింది చెప్పినా. నాయన గేదెకు చొప్ప వేస్తా విన్నాడు.

"వాడు తీయొద్దన్నాడా?"

"షెడ్డు పోయినా సరే, తీయొద్దన్నాడు."

నాయన చేతిలో చొప్ప అట్లనే పట్టుకుని నిలబడినాడు. గేదె మెడ చాపి లాక్కుంది. "ఏది నొక్కాల?" అన్నాడు. చూపించినా. నొక్కినాడు. ఫోను జేబులో వేసుకుని మళ్ళీ చొప్ప అందుకున్నాడు. ఇట్లాంటి మొండి మనుషుల మధ్య పుట్టినందుకు నన్ను నేనే తిట్టుకుంటా పోయి పడుకున్నా.

మరుసటి రోజు వీడియో. తీసేసిన సంగతి చిన్నాయనకు ఇంకా చెప్పలేదు, వీడియో అయినాక చెప్దామనుకున్నా. ఆయన పెద్ద పలకరాయి మీద షెడ్డు పేరు తనే ఉలితో చెక్కి గేటు పక్కన నిలబెట్టినాడు. నేను రోడ్డు నుంచి మొదలుపెట్టినా. బోర్డు చూపించినా. మిషను చూపించినా. చిన్నాయన రాయి చీలుస్తా ఉన్నాడు, బాగా వస్తా ఉంది. ఇంక ఆఖరికి మళ్ళీ బోర్డు మీదికి తిప్పితే అయిపోతుంది.

తిప్పితే, బోర్డు ముందు మా నాయన నిలబడి ఉన్నాడు. సైకిలు గోడకు ఆనించి, అక్షరాలు చదువుతా ఉన్నాడు. ఆపడానికి లేదు, కత్తిరించడానికి లేదు. చేత్తో పక్కకు జరగమని సైగ చేసినా. నన్ను చూస్తేగా!

"రెండో అక్షరం వంకర పోయింది రా" అన్నాడు నాయన, లోపలికి చూసి.

సుత్తి ఆగిపోయింది. చిన్నాయన లోపల నుంచే అన్నాడు, "నీకు చూపు తగ్గిందన్నా. అక్షరం బాగానే ఉంది."

"నా చూపు బాగానే ఉంది." నాయన షెడ్డులోకి నడిచినాడు. నా ఫోను ఆయన వెనకనే పోయింది, ఇంకేం చేసేది? "ఫోన్లో రాసింది తీసేసినా."

చిన్నాయన మొహం వాడిపోయింది.

"రాసింది తీసేసినా గానీ" అన్నాడు నాయన, "అన్న మాట తీసేయలేదు. అది చెప్పిపోదామని వచ్చినా."

చిన్నాయన లేచినాడు. చీల్చిన రాయికి ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస నాయన పట్టుకున్నాడు. ఇద్దరూ మోసుకుంటా పోయి గోడకు ఆనించినారు, దారి పొడుగునా "నువ్వు కిందికి దించు", "నువ్వు పైకెత్తు" అని అరుచుకుంటా. ఆ అరుపులు కూడా ఆ వీడియోలో ఉన్నాయి. అట్లనే పంపించినా.

షెడ్డు మ్యాపులోకి తిరిగొచ్చింది. ఆ వీడియో చూసినోడెవడో, ఏ దేశంలో కూచున్నాడో, ఆ ముసలోళ్ళు ఏమనుకున్నారో వాడికేం అర్థమైందో నాకు తెలియదు. రివ్యూలు మాత్రం ఒక్కటీ లేవు, మ్యాపులో మొదట పెట్టిన రోజు ఎట్లుందో అట్ల.

కొన్నాళ్ళకు నిజంగా రాయి కొన్న ఒకామె హైదరాబాద్ నుంచి రాసింది. "రాయి చాలా బాగుంది. చెప్పిన రోజుకు పంపినారు. కానీ ధర చెప్పే ముందు మాదే ఊరు, మా తాత ఎవరు అని అడిగినారు. వెనక ఇంకో పెద్దాయన కూడా ఉన్నారు, ఇద్దరూ ఒకరి మాట ఒకరు విననివ్వరు, ఫోనులో ఏదీ సరిగ్గా వినపడదు." నాలుగు స్టార్లు.

ఆ ఒక్క స్టారు పోయినందుకు నేను తల పట్టుకున్నా. దానికి మర్యాదగా జవాబు రాద్దామని షెడ్డుకు ఫోన్ చేసినా. చిన్నాయన ఆ రివ్యూ అప్పటికే ఊరందరికీ చూపించినాడంట. "చదివినావా? వెనక ఇంకో పెద్దాయన కూడా ఉన్నాడంట" అన్నాడు. వెనక నుంచి మా నాయన గొంతు వినపడింది, "నన్ను పెద్దాయనంటాదేందిరా?" అని.